పీహెచ్‌పీ సింటాక్స్‌లో ముందుగా ఏవి పట్టుకోవాలి? నా అనుభవం నుంచి

మీరు అడిగింది ఇది: డిగ్రీలో సి భాష చదివారు, జాంప్ (సొంత కంప్యూటర్లోనే వెబ్ సర్వర్ నడిపే సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాల్ చేసుకుని, వెబ్ పేజీల వెనక సర్వర్లో నడిచే భాష పీహెచ్‌పీ మొదలుపెట్టారు. ఒక్కోసారి పేజీ తెల్లగా వస్తోంది, ఒక్కోసారి సింటాక్స్ ఎర్రర్ (కోడ్ రాసే పద్ధతిలో తప్పు) అంటూ ఏదో లైన్ నంబరు చూపిస్తోంది, తీరా ఆ లైన్లో తప్పేమీ కనపడటం లేదు. ఏ రూల్స్ ముందు నేర్చుకోవాలి అన్నది మీ ప్రశ్న.

పన్నెండేళ్లుగా నా కూడు ఇదే భాష మీద. మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకి నేర్పేటప్పుడు మొదటి రోజంతా ఒక్క విషయం మీదే కూర్చుంటాను: పీహెచ్‌పీ ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ ఆగుతుంది. మీకు సి వచ్చు కాబట్టి మీకూ ముందు ఇదే చెప్పాలి. సిలో ఫైలంతా ప్రోగ్రామే. పీహెచ్‌పీ ఫైలు మాత్రం పుట్టుకతో మామూలు వెబ్ పేజీ. రాస్మస్ లెర్‌డార్ఫ్ 1994లో తన సొంత హోమ్ పేజీ కోసం దీన్ని మొదలుపెట్టాడు, 1995లో అందరికీ ఇచ్చాడు. పేజీ మధ్యలో అక్కడక్కడా సర్వర్ చేయాల్సిన పని ఇరికించడమే అప్పటి అవసరం. ఆ పోలిక ఇప్పటికీ పోలేదు. <? అని పెట్టి దాన్ని ఆనుకునే పీహెచ్‌పీ అని మూడు ఇంగ్లిష్ అక్షరాలు కొడితే సర్వర్ పని మొదలుపెడుతుంది, ?> కనపడగానే ఆపేస్తుంది. ఆ రెండిటికీ బయట ఉన్నదంతా, ఖాళీ లైన్లతో సహా, ఉన్నదున్నట్టు బ్రౌజర్‌కి పోతుంది. (ఇక్కడ ఆదేశాల పేర్లు తెలుగులో రాస్తున్నాను, ఫైల్లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాలే కొట్టాలి.)

"ఖాళీ లైన్లతో సహా" అన్న ముక్క నాకు మూడు రాత్రుల నిద్ర లేకుండా చేసింది. కొత్తలో ఒక చిట్‌ఫండ్ ఆఫీసుకి లాగిన్ పేజీ రాసిచ్చాను. నా కంప్యూటర్లో చక్కగా నడిచింది. సర్వర్లోకి ఎక్కించగానే లాగిన్ అయినవాళ్లు లోపలి పేజీకి వెళ్లకుండా అక్కడే నిలిచిపోయారు, పైన "హెడర్స్ ఆల్రెడీ సెంట్" అని వార్నింగ్. లాగిన్ కోడ్ అంతా తిరగరాశాను, లాభం లేదు. నాలుగో రోజు పొద్దున ఆ వార్నింగ్ పూర్తిగా చదివాను. అవుట్‌పుట్ ఏ ఫైల్లో ఏ లైన్లో మొదలైందో అందులోనే రాసి ఉంది: డేటాబేస్ పాస్‌వర్డ్ ఉంచిన చిన్న కాన్ఫిగ్ ఫైలు, చివరి లైన్. తెరిచి చూస్తే ?> తర్వాత రెండు సార్లు ఎంటర్ కొట్టి ఉంది. మొదటి ఎంటర్‌ని పీహెచ్‌పీ మింగేస్తుంది, రెండోది బ్రౌజర్‌కి వెళ్లిపోతుంది. వేరే పేజీకి పంపడం, లాగిన్‌ని గుర్తుపెట్టుకునే సెషన్ కుకీ ఇవ్వడం, ఇవన్నీ హెడర్లతో, అంటే పేజీ గురించి సర్వర్ బ్రౌజర్‌కి చెప్పే మాటలతో, జరిగే పనులు. హెడర్లు పేజీ కంటే ముందు వెళ్లాలి. ఒక్క ఖాళీ లైను ముందు వెళ్లిపోయినా, బస్సు కదిలాక బోర్డు మార్చబోయినట్టే. నా కంప్యూటర్లో ఎందుకు నడిచిందంటే, అక్కడ అవుట్‌పుట్ బఫరింగ్ (అవుట్‌పుట్‌ని వెంటనే పంపకుండా కాసేపు పట్టి ఉంచడం) ఆన్‌లో ఉంది, ఆ సర్వర్లో లేదు.

అందుకే ఫైలంతా పీహెచ్‌పీ కోడే అయితే చివర ?> పెట్టకండి. మర్చిపోయినట్టు కాదు, అదే సరైన పద్ధతి. పైన కూడా <? కంటే ముందు ఏమీ ఉండకూడదు. మనం తెలుగు టైప్ చేస్తాం కాబట్టి ఇంకో జాగ్రత్త: ఫైలు యూటీఎఫ్-8లో సేవ్ చేసేటప్పుడు "బామ్ లేకుండా" అన్నదే ఎంచుకోండి. పాత నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేస్తే ఫైలు మొదట్లో కంటికి కనపడని మూడు బైట్లు (బామ్ అంటే అవే) చేరతాయి, మళ్లీ అదే వార్నింగ్.

ఇక లైన్ నంబరు సంగతి. ప్రతి వాక్యానికీ చివర ; (సెమికోలన్) ఉండాలి, ఇది సిలాగే. మూడో లైన్లో ఎకో (పేజీలోకి రాయించే ఆదేశం) రాసి సెమికోలన్ మరిచారనుకోండి, వాక్యం ఇంకా అవలేదనుకుని పీహెచ్‌పీ నాలుగో లైన్లోకి వెళుతుంది. అక్కడ ఇంకో ఎకో ఎదురవుతుంది, ఇది ఇక్కడ ఎందుకుందని ఆగిపోతుంది, ఎర్రర్‌లో "నాలుగో లైన్" అంటుంది. కాబట్టి ఆ నంబరు తప్పు తెలిసిన చోటు మాత్రమే. తప్పు చేసిన చోటు చాలాసార్లు దాని పైనుంటుంది. కోట్ మూయడం మరిస్తే ఇరవై లైన్ల పైన కూడా ఉండొచ్చు. పై నుంచి కిందికి కాకుండా, ఆ లైన్ నుంచి పైకి చదువుకుంటూ వెళ్లండి.

వేరియబుల్ ముందు $ తప్పనిసరి, రకం ముందుగా చెప్పక్కర్లేదు. పేరు అంకెతో మొదలవకూడదు. వేరియబుల్ పేర్లలో పెద్దక్షరం, చిన్నక్షరం వేరువేరు. ఫంక్షన్ పేర్లకీ ఎకో, ఇఫ్ లాంటి పదాలకీ ఆ తేడా లేదు. అయినా అన్నీ ఒకే తీరుగా రాయడం అలవాటు చేసుకోండి. పేరులో ఏఎస్‌సీఐఐకి (ఇంగ్లిష్ అక్షరాలు, అంకెల పట్టికకి) పైనున్న బైట్లు ఏవైనా ఉండొచ్చు కాబట్టి $పేరు, $మొత్తం అని తెలుగులో పెట్టినా పీహెచ్‌పీ కాదనదు. మొదటిసారి అది నడవడం చూసినప్పుడు నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. నలుగురితో కలిసి చేసే పనిలో వాడను గానీ, ఇంట్లో మా అమ్మాయికి నేర్పేటప్పుడు అలాగే రాయిస్తున్నాను.

మాటల్ని అతికించడానికి చుక్క, అంకెల్ని కూడటానికి +. "5" + "5" పది, "5" . "5" యాభై ఐదు. డబుల్ కోట్స్‌లో $పేరు రాస్తే అందులోని విలువ వస్తుంది, సింగిల్ కోట్స్‌లో రాస్తే $పేరు అన్న అక్షరాలే వస్తాయి. చుక్కనీ +నీ ఒకే వాక్యంలో కలిపితే బ్రాకెట్లు పెట్టండి: "మొత్తం: " . ($అసలు + $వడ్డీ). బ్రాకెట్లు లేకపోతే పీహెచ్‌పీ 8వ వెర్షన్ ముందు కూడుతుంది. పాత వెర్షన్లు ఎడమ నుంచి వరసగా చేసుకుంటూ ముందు అతికించేవి, లెక్క తప్పేది.

పోల్చడానికి == బదులు === వాడండి. ఇందులో నేను పట్టుదలగా ఉంటాను. పీహెచ్‌పీ 7 వరకు 0 == "హలో" నిజం అనేది, రకాన్ని తనే మార్చుకుని. 2020లో వచ్చిన 8లో అది అబద్ధమైంది, కానీ ఆన్‌లైన్‌లో దొరికే పాత పాఠాలు ఇంకా పాత లెక్కలోనే ఉన్నాయి. === అయితే రకం, విలువ రెండూ చూస్తుంది, ఏ వెర్షన్‌లోనైనా ఒకే జవాబు.

తెల్లటి పేజీకి నేను చూసిన కారణం ఎక్కువసార్లు ఒకటే: తప్పు జరిగింది, కానీ డిస్‌ప్లే ఎర్రర్స్ అనే సెట్టింగు ఆఫ్‌లో ఉంది. దాన్ని అదే ఫైల్లో ఆన్ చేస్తే సింటాక్స్ తప్పులకి పనికిరాదు, ఎందుకంటే తప్పున్న ఫైలు అసలు మొదలే అవదు. పీహెచ్‌పీ డాట్ ఐఎన్ఐ అనే సెట్టింగుల ఫైల్లో ఆన్ చేసి, అపాచీని (జాంప్‌లోని వెబ్ సర్వర్) ఆపి మళ్లీ స్టార్ట్ చేయండి. నేర్చుకునే కంప్యూటర్లో మాత్రమే సుమా, నలుగురూ చూసే సర్వర్లో వద్దు. ఫైల్‌ని డబుల్ క్లిక్ చేసి తెరవడం లేదు కదా? జాంప్‌లోని హెచ్‌టీడాక్స్ ఫోల్డర్లో పెట్టి, బ్రౌజర్లో లోకల్‌హోస్ట్, దాని పక్కన / పెట్టి ఫైలు పేరు కొట్టి తెరిస్తేనే కోడ్ సర్వర్ దాకా వెళుతుంది.

ఇవన్నీ చూశాక కూడా ఎర్రర్ పోకపోతే, ఆ లైన్‌తో పాటు దాని పైనున్న పది లైన్లు, ఎర్రర్ మాట ఒక్క అక్షరం కూడా తగ్గించకుండా ఇక్కడ పెట్టండి. చూసి చెబుతాను.