అంటని పాలిమరా, అంటనివ్వని పాలిమరా?

సందేహం: మా అమ్మాయి ఇక్కడే తిరుపతిలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతోంది. కాథెటర్లకు (రోగి ఒంట్లోకి పెట్టే సన్నని గొట్టాలకు) బాక్టీరియా అంటుకోకుండా వేసే పాలిథిలిన్ గ్లైకాల్ అనే పాలిమర్ (గొలుసుల్లాంటి పొడవాటి అణువులున్న పదార్థం) పూత గురించి తెలుగులో సెమినార్ ఇస్తానంటోంది. 'బాక్టీరియా నాశక పాలిమర్' అని రాసుకుంది. 'తామరాకు పాలిమర్' అంటే వినసొంపుగా ఉంటుందని నేనన్నాను. ఏది సరి?
– ఒక పాఠకుడు, తిరుపతి

సమాధానం: రెండూ కుదరవండీ. నాశకం అంటే చంపేది. వెండి అయాన్లను వదిలే పూతకైతే ఆ మాట చెల్లుతుంది. ఈ పూత దేన్నీ చంపదు, దగ్గరికి రానివ్వదు, అంతే.

మీ తామరాకు నాకూ నచ్చింది. 'పద్మపత్రమివాంభసా' అని గీతలో విన్నవాళ్లం కదా! కానీ తామరాకు మీద నీళ్లు నిలవవు. పాలిథిలిన్ గ్లైకాల్‌కు నీళ్లంటే ప్రాణం. తన గొలుసుల చుట్టూ నీటిని పట్టి ఉంచుకుంటుంది. ఆ నీటిపొరను తోసుకుని ప్రొటీన్లు గానీ బాక్టీరియా గానీ పూతను చేరడం కష్టం. తామరాకు అనగానే వినేవాళ్లు సరిగ్గా దీనికి తలకిందులుగా ఊహించుకుంటారు.

మన 'అంటు' ఉండగా వేరే మాట ఎందుకు? అంటువ్యాధిలో ఉన్నది అదే, మీ పక్కనే ఉన్న చిత్తూరు జిల్లా అంటుమామిడిలో ఉన్నదీ అదే. అయితే ఉత్తినే 'అంటని పాలిమర్' అంటే పాలిమరే దేనికో అంటుకోవడం లేదని అర్థమొస్తుంది. పూత ఊడి వస్తోందేమో అనుకుంటారు! 'బాక్టీరియా అంటని' అంటే తప్పు లేదు. అడ్డుకునేది పూతేనని తెలియాలంటే మాత్రం 'బాక్టీరియాను అంటనివ్వని పాలిమర్' అనాలి.

ఇంకో మాట. తుప్పు పట్టింది, బూజు పట్టింది, పాచి పట్టింది అంటాం. ఒకచోట మొదలై పెరుగుతూ పరుచుకునేదానికి 'పట్టు' వాడతాం. బాక్టీరియా చేసేదీ ఇదే. ముందు అంటుకుంటుంది, తర్వాత సంఖ్య పెంచుకుని, జిగురు పొర కప్పుకుని పాచిలా పడుతుంది. అలా పట్టాక మందులకు ఓ పట్టాన లొంగదు, అందుకే అంటుకునే దశలోనే ఆపాలని చూస్తారు. ఆ పొరను బయోఫిల్మ్ అంటారు. దానికి 'జైవిక పటలం' లాంటివి పుట్టించే పని లేదు, పాచి చాలు. పొద్దున్నే పళ్ల మీద తోముకునే పాచి అచ్చంగా బయోఫిల్మే.

మాస్టార్లు నవ్వుతారని అమ్మాయికి టెన్షన్‌గా ఉంటే, 'పాచి, అంటే బయోఫిల్మ్' అని మొదట్లో ఒక్కసారి చెప్పి ముందుకు పొమ్మనండి.