సీక్ వెనక్కి ఎందుకు వెళ్లదు?

ప్రశ్న: పైథాన్‌లో తెలుగు లాగ్ ఫైలు చివరి లైన్లు చదవాలని సీక్(-200, 2) (చివరి నుంచి 200 బైట్లు వెనక్కి జరగమనే ఆదేశం) ఇస్తే ఎర్రర్ వస్తోంది. ఎందుకండీ?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: మీరు ఫైలును టెక్స్ట్ మోడ్‌లో తెరిచి ఉంటారండీ. అందులో చివరి నుంచి వెనక్కి లెక్క కుదరదు. 'ఆర్‌బీ' మోడ్‌లో (బైట్లను ఉన్నవి ఉన్నట్టే చదివే పద్ధతి) తెరవండి, అదే సీక్ పనిచేస్తుంది.

అసలు చిక్కు ఆ తర్వాతే. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి 3 బైట్లు, దాని గుణింతపు గుర్తుకు మరో 3. 'తెలుగు' అన్న ఒక్క మాటే 18 బైట్లు! 200 వెనక్కి జరిగితే అక్షరం నడుమ పడొచ్చు, డీకోడ్ చేయగానే, అంటే బైట్లను తిరిగి అక్షరాలుగా మార్చగానే మళ్లీ ఎర్రర్. అందుకని చివరి 4096 బైట్లు తీసుకుని, మొదటి న్యూలైన్ (లైను ముగింపు గుర్తు) దాకా వదిలేసి, మిగతాదే డీకోడ్ చేయండి.

ఫైలు అంతకన్నా చిన్నదైతే ఓఎస్‌ఎర్రర్ వస్తుంది. ముందు సీక్(0, 2) ఇస్తే అదే సైజు చెబుతుంది. చిన్న ఫైలైతే మొదటి నుంచే, ఏమీ వదలకుండా చదవండి.