ఫ్లేమింగ్ లిప్స్ బ్యాండ్ ఎలా పుట్టింది, దానికి అంత పేరు ఎలా వచ్చింది?

ది ఫ్లేమింగ్ లిప్స్ అనే అమెరికన్ రాక్ బ్యాండు ఎలా మొదలైంది, రేడియోలో ఒకే ఒక్క పాట హిట్టయిన బ్యాండుకు ప్రపంచమంతా ఇంత పేరు ఎలా వచ్చింది, కొత్తగా వినేవాళ్ళు ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలి అని మీరు అడిగారు. నేను 2004 ఆగస్టు నుంచి 2006 డిసెంబరు దాకా ఓక్లహోమా విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్. చదువుకుంటూ నార్మన్ అనే ఊళ్ళో ఉన్నాను. ఈ బ్యాండు పుట్టి పెరిగిన ఓక్లహోమా నగరం అక్కడికి కారులో అరగంట దూరం. ఆ రెండేళ్ళలో విన్నదీ, చూసినదీ, తరువాత ఇష్టంతో చదువుకున్నదీ కలిపి చెబుతున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: వాళ్ళను పైకి తెచ్చింది ఆ హిట్ పాట కాదు. ఎవరు కొంటారని కంపెనీ సైతం సందేహించిన, నాలుగు సీడీలను ఒకేసారి మోగిస్తే తప్ప పూర్తిగా వినిపించని ఒక విచిత్రమైన ఆల్బమ్ కోసం పడిన శ్రమే వాళ్ళను పైకి తెచ్చింది.

బ్యాండు 1983లో మొదలైంది. వేన్ కోయిన్ గిటార్ పట్టుకున్నాడు, అతని సోదరుడు మార్క్ కోయిన్ పాడేవాడు, మైకేల్ ఐవిన్స్ బాస్ గిటార్ వాయించేవాడు. వీళ్ళలో ఎవరూ సంగీతం పద్ధతిగా నేర్చుకున్నవాళ్ళు కారు. తొలి ప్రదర్శన ఓక్లహోమా నగరంలోని బ్లూ నోట్ లౌంజ్‌లో జరిగింది. డ్రమ్మర్‌గా రిచర్డ్ ఇంగ్లిష్ కుదురుకున్నాక, 1984లో తమ డబ్బుతో తామే ఒక చిన్న రికార్డు వేసుకున్నారు. ఆ తరువాత మార్క్ తప్పుకోవడంతో పాడే బాధ్యత వేన్ మీద పడింది. వేన్‌ది గొప్ప గాత్రం కాదు, పై స్థాయికి వెళితే సన్నగా వణుకుతుంది. అయితే ఆ వణుకే తరువాతి రోజుల్లో ఆ పాటల ప్రాణమైంది.

మొదటి ఏడేళ్ళు వాళ్ళకు సంగీతం కూడు పెట్టలేదు. వేన్ పదేళ్ళకు పైగా లాంగ్ జాన్ సిల్వర్స్ అనే ఫాస్ట్‌ఫుడ్ దుకాణంలో చేపలు వేయించే పని చేశాడు. టీనేజిలో అక్కడ పని చేస్తుండగానే ఒకసారి తుపాకులతో దొంగలు పడ్డారు, నేల మీద బోర్లా పడుకున్న ఆ కొద్ది నిమిషాలూ ఇక తన పని అయిపోయిందనే అనుకున్నానని అతను చాలాసార్లు చెప్పాడు. అతని పాటల్లో చావు గురించిన మాట అంత సహజంగా, భయం లేకుండా ఎందుకు వస్తుందని నన్నడిగితే నేను ముందు ఈ సంఘటనే చెబుతాను.

న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ లాంటి చోట్ల ఉండే బ్యాండ్లకు దొరికే క్లబ్బులు, పత్రికల వాళ్ళు, కంపెనీల వాళ్ళు ఓక్లహోమాలో ఉండరు. కనుక మనల్ని ఎవరూ చూడటం లేదన్న ధీమాతో వీళ్ళు వేదిక మీద ఏది తోస్తే అది చేశారు: పొగ, బుడగలు, రంగు లైట్లు, అంతులేని రొద. 1960ల నాటి సైకెడెలిక్ సంగీతం, అంటే ధ్వనిని సాగదీసి, వంచి, ప్రతిధ్వనులతో నింపి వినేవాడిని కలలాంటి స్థితికి తీసుకుపోయే ఆ పద్ధతి, 1980ల పంక్ అనే రాక్ శైలి మొరటుదనంతో కలిసి వీళ్ళ చేతిలో కొత్త రూపం తీసుకుంది. 1986, 1987, 1989లలో చిన్న రికార్డు కంపెనీ ద్వారా వచ్చిన మూడు ఆల్బమ్‌లనూ మీరు తరువాత ఎప్పుడైనా వినవచ్చు.

మలుపు 1990లో వచ్చింది. న్యూయార్క్ రాష్ట్రంలోని ఫ్రెడోనియాలో, విశ్వవిద్యాలయ స్టూడియోలో చాలా తక్కువ అద్దెకు ఒక ఆల్బమ్ రికార్డు చేశారు. అక్కడ వాళ్ళతో పనిచేసిన డేవ్ ఫ్రిడ్‌మన్, 1993 నాటి ఒక్క ఆల్బమ్ మినహా దాదాపు అన్నింటికీ ఇప్పటిదాకా ధ్వని సమకూరుస్తూనే ఉన్నాడు. బ్యాండ్ల చరిత్రలో గాయకుడి పేరే నిలుస్తుంది గానీ, ఫ్రిడ్‌మన్ లేకపోతే ఈ బ్యాండు మనకు తెలిసేదే కాదని నేను నమ్ముతాను. ఇంచుమించు అదే కాలంలో వార్నర్ బ్రదర్స్ అనే పెద్ద రికార్డు కంపెనీ ప్రతినిధి వీళ్ళ ప్రదర్శన చూడటానికి వచ్చారు. వేదిక మీద బాణసంచా వెలిగించి హాలును తగలబెట్టినంత పని చేశారని, అది చూసే ఆ ప్రతినిధి ముచ్చటపడి ఒప్పందానికి సిద్ధమయ్యారని ఓక్లహోమాలో ఈనాటికీ చెప్పుకుంటారు. ఓక్లహోమా నగరంలోని రికార్డుల దుకాణంలో పనిచేసిన స్కాట్ బుకర్ మేనేజరుగా చేరాడు. బ్యాండు ఎంత వింత ఆలోచన చేసినా దాన్ని కంపెనీ పెద్దలకు అర్థమయ్యే భాషలో చెప్పి ఒప్పించడం ఆయన పని.

తరువాత గిటారిస్టు రొనాల్డ్ జోన్స్, డ్రమ్మర్ స్టీవెన్ డ్రోజ్డ్ వచ్చి చేరారు. డ్రోజ్డ్ రాక ఎంత పెద్ద విషయమో అప్పట్లో ఎవరికీ తెలియదు. అతను డ్రమ్స్‌తో పాటు పియానో, గిటార్, ఏది చేతికిస్తే అది వాయించగలడు, స్వరరచన చేయగలడు. ఈ నలుగురూ కలిసి 1993లో చేసిన ఆల్బమ్‌లోని ‘షీ డోంట్ యూజ్ జెల్లీ’ అనే సరదా పాట ఏడాది దాటాక ఎంటీవీ పుణ్యమా అని పైకి లేచింది, అమెరికాలో పాటలకు ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ హాట్ 100 జాబితాలో 55వ స్థానం దాకా వెళ్ళింది. ‘బెవర్లీ హిల్స్, 90210’ అనే టీవీ సీరియల్లో కూడా కనిపించారు. మీరు రేడియోలో హిట్ అన్నది ఈ పాటనే. కానీ 1995లో వచ్చిన తరువాతి ఆల్బమ్ ఆశించినంత అమ్ముడుపోలేదు, 1996లో జోన్స్ వెళ్ళిపోయాడు. ఒక్క పాట హిట్టయి మరుగున పడిపోయిన వందల బ్యాండ్ల వరుసలో వీళ్ళూ చేరిపోవలసిందే.

కొత్త గిటారిస్టును తెచ్చుకోకుండా ముగ్గురే మిగిలి, పాట అనేదాన్ని మొదటినుంచి మళ్ళీ ఆలోచించారు. చిన్నప్పుడు ఏదో కచేరీ బయట కార్లు ఆగి ఉన్నచోట, చాలా కార్ల రేడియోల్లో ఒకే పాట ఒకేసారి మోగడం వేన్‌కు గుర్తుండిపోయింది. ఆ జ్ఞాపకంతో సుమారు 40 క్యాసెట్లు తయారుచేసి, ఒక్కొక్కదానిలో ఒక్కొక్క ధ్వని నింపి, కార్లు తెచ్చుకున్న జనానికి పంచి, తాను సైగ చేయగానే అందరూ ఒకేసారి నొక్కేలా ఏర్పాటు చేశాడు. పార్కింగ్ స్థలమంతా ఒక వాద్యబృందమైంది. ఆ ప్రయోగాన్ని ఇంట్లోకి తెచ్చే ప్రయత్నమే 1997 నాటి ‘జైరీకా’. అందులో నాలుగు సీడీలు, ఎనిమిది పాటలు ఉంటాయి. ప్రతి పాటా నాలుగు ముక్కలై నాలుగు సీడీల్లో ఉంటుంది, నాలుగింటినీ నాలుగు ప్లేయర్లలో పెట్టి ఒకేసారి మొదలుపెట్టాలి.

దాన్ని నేను విన్న రోజు గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ బ్యాండు నాకు అర్థమైంది ఆ రాత్రే. 2005 శీతాకాలంలో మా ల్యాబులో పనిచేసే ఓక్లహోమా కుర్రాడొకడు ఆ నాలుగు సీడీలూ, తన టూ-ఇన్-వన్ ఒకటీ పట్టుకుని మా అపార్ట్‌మెంట్‌కు వచ్చాడు. మేము నలుగురం తెలుగువాళ్ళం ఆ ఇంట్లో ఉండేవాళ్ళం. హాల్లో టీవీ పక్కనున్న డీవీడీ ప్లేయర్ ఒకటి, నా ల్యాప్‌టాప్ ఒకటి, పాత సామాన్ల దుకాణంలో 8 డాలర్లకు కొన్న స్టీరియో ఒకటి, అతను తెచ్చినది ఒకటి, మొత్తం నాలుగు కూడాయి. స్టీరియోకు హాల్లో ప్లగ్గు చాలక వంటగదిలో బియ్యం డబ్బా మీద పెట్టాము. ఒకటి, రెండు, మూడు అనుకుని నొక్కితే మొదటిసారి ల్యాప్‌టాప్ సీడీ తిరగడానికే రెండు సెకన్లు తీసుకుంది, అంతా కలగాపులగమైంది. నాలుగో ప్రయత్నానికి గానీ కుదరలేదు.

కుదిరిన తరువాత జరిగింది నేను మరచిపోలేను. డ్రమ్స్ హాల్లో ఒక మూల నుంచి, గొంతు ఇంకో మూల నుంచి, వయొలిన్ల లాంటి ధ్వని వంటగది నుంచి వస్తూ ఉంటే, కూర్చున్నచోటు నుంచి కదిలిన ప్రతిసారీ పాట మారిపోయేది. పైగా ఏ రెండు ప్లేయర్లూ సరిగ్గా ఒకే వేగంతో తిరగవు కాబట్టి, పాట సాగేకొద్దీ సీడీలు వెంట్రుకవాసి ఎడం కావడం మొదలుపెట్టేవి, ఆ ఎడం నుంచి మరో ప్రతిధ్వని పుట్టేది. అంటే ఎవరు ఎన్నిసార్లు విన్నా అదే పాట రెండోసారి వినిపించదు. మా గదిలో ఉండే తెనాలి మిత్రుడికి అప్పటిదాకా ఇంగ్లీషు పాటలంటేనే పడదు. అతను వంటగదికీ హాలుకీ మధ్య రెండు మూడుసార్లు అటూ ఇటూ తిరిగి, “ఒరేయ్, గుళ్ళో ప్రదక్షిణం చేస్తుంటే సన్నాయి ఒక్కో మూల ఒక్కోలా వినపడుద్దే, అచ్చం అట్టాగే ఉందిరా ఇది” అన్నాడు. అంతకంటే సరిగ్గా ఆ ఆల్బమ్ గురించి చెప్పిన విమర్శకుడిని నేను ఇంతవరకూ చదవలేదు.

నాలుగు సీడీలకు నాలుగు పొరలు వేసి సంగీతం రాయడంలో ఆ ముగ్గురికీ, ఫ్రిడ్‌మన్‌కూ ఒక విద్య పట్టుబడింది. గిటార్ల రొద తగ్గించి, తంత్రీవాద్యాల ధ్వనులు, గంటలు, కోరస్‌లు, పెద్ద డ్రమ్స్ ఒకదానిమీద ఒకటి పేర్చి, ప్రతిదానికీ ఊపిరాడేంత చోటు ఇవ్వడమే ఆ విద్య. అదే కాలంలో వాళ్ళ జీవితాల్లోనూ దెబ్బ మీద దెబ్బ తగిలింది. వేన్ తండ్రి 1997లో క్యాన్సర్‌తో చనిపోయాడు. మరో బండి నుంచి ఊడిపోయిన చక్రం ఐవిన్స్ కారును గుద్దింది. డ్రోజ్డ్ చేయి తీసేయవలసినంతగా పాడైంది, మొదట సాలీడు కుట్టిందని అనుకున్నా అసలు కారణం హెరాయిన్ అలవాటని అతనే తరువాత ఒప్పుకుని, ఆ ఊబి నుంచి బయటపడ్డాడు. ఈ దుఃఖమూ, కొత్తగా పట్టుబడిన ఆ విద్యా కలిసి 1999లో ‘ది సాఫ్ట్ బులెటిన్’ అయ్యాయి. బ్రిటన్ పత్రిక ఎన్‌ఎంఈ దాన్ని ఆ సంవత్సరపు ఉత్తమ ఆల్బమ్‌గా ఎంచుకుంది. పుట్టిన 16 ఏళ్ళకు, అదీ సొంత దేశం కంటే ముందు సముద్రం అవతల, ఈ బ్యాండుకు గౌరవం దక్కింది. ఆ ఏడాది పర్యటనలో ప్రేక్షకులకు హెడ్‌ఫోన్లు పంచి, ఎఫ్ఎం ప్రసారం ద్వారా స్పష్టమైన ధ్వనిని వాళ్ళ చెవుల్లోకి పంపుతూ, హాలులోని స్పీకర్ల హోరును ఒంటికి తగలనిచ్చారు. నాలుగు సీడీల ఆలోచనకు అది తోబుట్టువే.

ఆ తరువాతి కథ వేగంగా నడిచింది. 2002లో వచ్చిన ‘యోషిమి బ్యాటిల్స్ ది పింక్ రోబోట్స్’ అమెరికాలో 5 లక్షల కాపీల గోల్డ్ స్థాయికి చేరింది, అందులోని ఒక వాద్యసంగీత ఖండికకు 2003లో గ్రామీ వచ్చింది. బెక్ అనే అమెరికన్ గాయకుడితో కలిసి పర్యటించి ప్రతి రాత్రీ ముందు తమ పాటలు, తరువాత అతని వెనుక వాద్యాలు వాయించారు. 2004లో కాలిఫోర్నియాలోని కోచెల్లా సంగీత ఉత్సవంలో వేన్ పెద్ద పారదర్శకమైన గాలిబుడగలో దూరి జనం తలల మీదుగా నడిచాడు.

ఆ బుడగను నేను 2006 సెప్టెంబరులో ఓక్లహోమా నగరంలోని జూ ఆంఫీథియేటర్‌లో చూశాను. లైట్లతో వెలిగే పెద్ద యుఎఫ్ఓ (ఎగిరే పళ్ళెం) ఆకారం వేదిక పైన ఉంది, ఇరువైపులా శాంటాక్లాజ్ వేషాల్లోనూ గ్రహాంతరవాసుల వేషాల్లోనూ అభిమానులే చిందులేస్తున్నారు, కాగితపు ముక్కలు వానలా కురుస్తున్నాయి. ‘డూ యూ రియలైజ్’ మొదలయ్యేసరికి నా పక్కనున్న అరవై ఏళ్ళ పెద్దమనిషి టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. నీకు తెలిసినవాళ్ళందరూ ఒకనాటికి పోతారన్న సంగతి ఆ పాట చల్లగా చెబుతుంది, ఆ చెప్పడంలో ఎక్కడా ఏడుపు ఉండదు. అప్పటికి మా తాతయ్య పోయి మూడు నెలలైంది, నేను ఇంటికి వెళ్ళలేకపోయాను. ఆ పాట అయ్యేదాకా నేను వేదిక వైపు చూడలేదు, నేల మీద పడిన రంగు కాగితాలనే చూస్తూ ఉండిపోయాను.

2007లో నగరంలోని బ్రిక్‌టౌన్ ప్రాంతంలో ఒక సందుకు బ్యాండు పేరు పెట్టారు. 2009లో జనం ఓట్లతో ‘డూ యూ రియలైజ్’ ఓక్లహోమా రాష్ట్ర అధికారిక రాక్ గీతంగా ఎంపికైంది. రాష్ట్ర సెనేట్ ఒప్పుకున్నా దిగువసభలో వీగిపోయింది, ఐవిన్స్ ఒకసారి సుత్తీ కొడవలి ఉన్న చొక్కా వేసుకుని రావడం కొందరు సభ్యులకు నచ్చలేదట. చివరకు గవర్నర్ బ్రాడ్ హెన్రీ ఉత్తర్వు ఇచ్చారు, తరువాతి గవర్నర్ హయాంలో 2013లో ఆ ఉత్తర్వు కొనసాగలేదు. అయినా అక్కడి కుర్రవాళ్ళ నోట ఆ పాట ఆగలేదు.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలన్నది. ముందు ‘ది సాఫ్ట్ బులెటిన్’ వినండి, మొదటి పాటలోని డ్రమ్స్ కొంచెం పెద్ద శబ్దంతో వినాలి. తరువాత ‘యోషిమి’ వినండి. ఆ రెండూ నచ్చితే 1990 నాటి ఫ్రెడోనియా ఆల్బమ్ ‘ఇన్ ఎ ప్రీస్ట్ డ్రివెన్ ఆంబులెన్స్’కు వెనక్కి వెళ్ళండి, అప్పుడు ఎంత దూరం ప్రయాణించారో తెలుస్తుంది. ‘జైరీకా’ మాత్రం ఒంటరిగా వినవద్దు. ఆ నాలుగు సీడీలు సంపాదించగలిగితే పాటలను ఫోన్లలోకి ఎక్కించుకుని ముగ్గురు మిత్రులను పిలవండి, ఈ రోజుల్లో నాలుగు ఫోన్లు, నాలుగు బ్లూటూత్ స్పీకర్లు కూడటం కష్టం కాదు. చివరి వైపు ఒక పాటలో చెవులను ఇబ్బంది పెట్టే మరీ సన్నని, మరీ బొంగురు ధ్వనులు ఉంటాయి. ఆ సంగతి హెచ్చరికగా వాళ్ళే రాశారు, ఇంట్లో చంటిపిల్లలుంటే దాన్ని దాటవేయండి. మిగతావాటికి ఒక స్పీకరును తప్పకుండా వంటగదిలో పెట్టి, వినేటప్పుడు ఇంట్లో అటూ ఇటూ తిరగండి.