ఆమె తరఫున నువ్వు తేల్చకు

అమ్మాయీ,

మతం పేరుతో గాయపడ్డ నీ స్నేహితురాలికి ఏం చెప్పాలో తోచడం లేదని రాశావు. చెప్పడం తర్వాత చూద్దాం, ముందు విను. ఇరవై ఏళ్లుగా ఇలాంటివాళ్ల పక్కన కూర్చుంటున్నాను. నేను చేసిన తప్పులన్నీ నోరు జారి చేసినవే.

మొదట్లో ఒకావిడ తనకు జరిగింది చెప్పుకుని ఏడుస్తుంటే, "దేవుడు అలాంటివాడు కాదమ్మా" అన్నాను. ఓదార్చాననుకున్నాను. రెండు నెలలు ఆవిడ మళ్లీ రాలేదు. దేవుడంటే ఏమిటో ఆవిడకు చెప్పినవాళ్లలో నేనూ ఒకదాన్నయ్యాను, అంతే. "అదంతా మూఢనమ్మకం, వదిలెయ్" అన్నా ఫలితం ఇదే. నమ్మాలో మానాలో తేల్చుకునే హక్కునే వాళ్ల దగ్గర లాక్కున్నారు. మంచి మనసుతోనైనా సరే, నువ్వు మళ్లీ లాక్కోకు.

ఈ బాధకు 2011లో మార్లీన్ వినెల్ అనే మనస్తత్వవేత్త ఒక పేరు పెట్టారు, రిలీజియస్ ట్రామా సిండ్రోమ్ అని, అంటే మతం పేరుతో మనసుకు తగిలిన గాయం. వైద్యుల జాబితాల్లో ఇది విడిగా జబ్బుగా లేదు. అయినా ఆ పేరు వినగానే "అయితే ఇది నాకొక్కదానికే కాదన్నమాట" అని ఊపిరి పీల్చుకున్నవాళ్లను చూశాను.

నరకం లేదని ఇప్పుడు గట్టిగా అనేవాళ్లు కూడా అర్ధరాత్రి నరక భయంతో లేచి కూర్చుంటారు. అప్పుడు వాదించకు. తర్కం రాకముందే, పసితనంలోనే ఒంట్లోకి ఎక్కిన భయం అది. ఒక పాట, ఒక వాసన, గంట చప్పుడు చాలు, గుండె దడదడలాడుతుంది. పాదాలు నేలకు ఆనించమను, ఎదురుగా కనిపించే ఐదు వస్తువుల పేర్లు చెప్పమను, ఊపిరి నెమ్మదిగా వదలమను. కళ్లు మూసుకోమని మాత్రం అనకు. కళ్లు మూసుకుని తల వంచమనే చాలామందిని లొంగదీశారు. భుజం మీద చెయ్యి వేసేముందు కూడా అడుగు.

ఇంకో సంగతి. ఆ మతం నుంచి బయటికి వచ్చినందుకు సంతోషించాలి కదా అనుకుంటాం. కానీ ఆమె పోగొట్టుకున్నది నమ్మకం ఒక్కటే కాదు. పండగలు, చిన్ననాటి స్నేహాలు, ఒక్కోసారి కన్నవాళ్లు కూడా పోతారు. ఆ పాటలు గుర్తొచ్చి ఏడిస్తే ఏడవనీ. తనను గాయపరిచినదాన్నే తలుచుకుని బెంగపడటం వింతేమీ కాదు. పండగ రోజున ఫోన్ చెయ్యి, వీలైతే వెళ్లు. క్షమించమని ఎప్పుడూ ఒత్తిడి చెయ్యకు. ఆ మాటను వాళ్ల మీద ఆయుధంలా వాడారు.

కొన్ని మాత్రం నీ ఒక్కదాని చేతిలో ఉండవు. ఎవరైనా పిల్లలకు ఇప్పటికీ ప్రమాదం ఉందని తెలిస్తే రహస్యంగా ఉంచలేనని మొదటే చెప్పు. చావు మాట వస్తే తిప్పి తిప్పి కాదు, సూటిగా అడుగు. ఒంటరిగా వదలకు, డాక్టర్ దగ్గరికి వెంట వెళ్లు. కౌన్సెలర్‌ను వెతికేటప్పుడు, తమ విశ్వాసాన్నో అవిశ్వాసాన్నో రుద్దనివాళ్లేనా అని ముందే కనుక్కోండి.

ఈసారి కలిసినప్పుడు ఎక్కడ కూర్చుందామో ఆమెనే అడుగు. తలుపు దగ్గరి కుర్చీ కావాలంటే ఇచ్చెయ్యి, తలుపు తీసే ఉంచు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ