ఎర్జాన్ టికెట్ చవకే, కానీ సైప్రస్ చట్టం ఒప్పుకోదు

ప్రశ్న: మాది వరంగల్. మా అమ్మాయి సైప్రస్‌లోని నికోసియాలో చదువుతోంది. నేనూ మా ఆవిడా డిసెంబరులో పన్నెండు రోజులు వెళ్లొద్దామనుకుంటున్నాం. సైప్రస్ వీసాలు వచ్చాయి. ఇస్తాంబుల్ మీదుగా ఎర్జాన్ ఎయిర్‌పోర్టుకు టికెట్లు బాగా తక్కువకు దొరుకుతున్నాయి. మ్యాప్‌లో అది నికోసియా పక్కనే ఉంది. అక్కడ దిగి అమ్మాయి దగ్గరికి వెళ్లొచ్చా? కారు అద్దెకు తీసుకుని నేనే నడుపుతూ కైరీనియా, ఫమగుస్తా చూపించాలని ఉంది. తెలంగాణ లైసెన్సు సరిపోతుందా?

జవాబు: ముందు టికెట్ల సంగతి. ఇంకా కొనకపోతే కొనకండి. కొనేసి ఉంటే, కొంత డబ్బు పోయినా సరే, రద్దు చేసుకుని లార్నకాకు తీసుకోండి.

ఎందుకంటారా? 1974లో టర్కీ సైన్యం సైప్రస్ ఉత్తర భాగంలోకి దిగింది. ఆనాటి నుంచి ద్వీపం రెండు ముక్కలుగానే ఉంది. 1983లో ఉత్తరం వాళ్లు తమది వేరే దేశమని ప్రకటించుకున్నా, టర్కీ తప్ప ఏ దేశమూ దాన్ని గుర్తించలేదు. మన దేశమూ గుర్తించలేదు. మీ పాస్‌పోర్టులో ఉన్న వీసా దక్షిణాన ఉన్న సైప్రస్ రిపబ్లిక్ ఇచ్చింది. ఆ ప్రభుత్వం లెక్కలో విమానంలో వచ్చేవాళ్లకు రెండే గుమ్మాలు: లార్నకా, పాఫోస్. ఎర్జాన్ ఉన్నది ఉత్తరాన. అక్కడ దిగితే దొడ్డిదారిన దేశంలోకి వచ్చినట్టే. వీసా చేతిలో ఉన్నా ఆ తప్పు తప్పు కాకుండా పోదు. యూరోపియన్ యూనియన్ పౌరులను ఈ విషయంలో చూసీచూడనట్టు వదిలేస్తారు, మనకు ఆ వెసులుబాటు లేదు. ద్వీపాన్నీ, నికోసియా ఊరినీ రెండుగా చీల్చే గీత ఉంది, దాన్నే గ్రీన్ లైన్ అంటారు. అక్కడ మిమ్మల్ని ఆపేస్తారు. అమ్మాయి ఉన్న ఊరు కళ్లెదుటే ఉంటుంది, మీరు మాత్రం అడుగు పెట్టలేరు. పైగా ఉత్తరాన మన రాయబార కార్యాలయం లేదు. భారత హైకమిషన్ ఉన్నది దక్షిణ నికోసియాలోనే.

ఇదే ప్రయాణం తిప్పి చేస్తే చిక్కు లేదు. లార్నకాలో దిగి, ఇమిగ్రేషన్‌లో స్టాంపు వేయించుకుని, నికోసియా చేరండి, గంటలోపు ప్రయాణమే. మీరు చూడాలనుకున్న కైరీనియా, ఫమగుస్తా ఉన్నది ఉత్తరానే. నికోసియా నుంచి అక్కడికి వెళ్లి రావడం నేరం కాదు. 2003లో దాటడానికి దారులు తెరిచారు, 2004లో యూరోపియన్ యూనియన్ దీనికంటూ గ్రీన్ లైన్ నిబంధనలు తెచ్చింది. అనుమతి ఉన్న చెక్‌పోస్టుల దగ్గరే దాటాలి, పాస్‌పోర్టు, వీసా దగ్గర ఉండాలి. అమ్మాయి తన రెసిడెన్స్ పర్మిట్ కూడా పెట్టుకోవాలి. అవతలి అధికారులు ఏ కారణంగానైనా వద్దంటే వాదించకుండా వెనక్కి రండి. తిరిగొచ్చేటప్పుడు సామానుకూ హద్దు ఉంది: మనిషికి 260 యూరోల విలువ వరకే.

ఇక కారు. సైప్రస్ 1960 దాకా బ్రిటిష్ పాలనలో ఉంది కాబట్టి అక్కడా మనలాగే ఎడమ వైపే నడుపుతారు. ఆ టెన్షన్ వద్దు. మీ లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి. మీ ఆర్టీఓ ఆఫీసులో ఇస్తారు, ఫీజు 1,000 రూపాయలు, ఏడాది చెల్లుతుంది. ఒరిజినల్ లైసెన్సు లేకుండా అదొక్కటే చూపిస్తే పనికిరాదు, రెండూ జేబులో ఉండాలి. వేగం హైవే మీద 100, ఊరి బయట 80, ఊళ్లో 50 కిలోమీటర్లు. రౌండెబౌట్‌లో కుడి నుంచి వచ్చే బండికి దారి ఇవ్వాలి. లార్నకా నుంచి ఫమగుస్తా వైపు వెళ్తుంటే డెకెలియా అనే చోట బ్రిటన్ సైనిక స్థావరం వస్తుంది. రోడ్డు మీద తేడా తెలియదు గానీ అక్కడ పోలీసులు వేరు, కోర్టు వేరు.

అసలు చిక్కు ఇన్సూరెన్సుతో. దక్షిణాన అద్దెకు తీసుకున్న కారుకు ఉన్న పాలసీ గ్రీన్ లైన్ దాటితే పనిచేయదు. చెక్‌పోస్టు దగ్గర అవతలి వాళ్లు ఇన్సూరెన్సు అమ్ముతారు, కానీ అది థర్డ్ పార్టీ మాత్రమే. మీ కారుకు గీత పడినా, బండి మొత్తం పోయినా, ఆ ఖర్చు మీ నెత్తి మీదే. చాలా కంపెనీలు కారు ఉత్తరానికి తీసుకెళ్లకూడదని అగ్రిమెంటులోనే రాస్తాయి. సంతకం పెట్టేముందు ఆ పేజీ చదవండి. నా మాట వింటే, ట్రూడోస్ కొండలకూ, పాఫోస్‌కూ కారు వాడండి. సైప్రస్‌లో రైళ్లు లేవు, కొండ ఊళ్లకు బస్సులు తక్కువ. కైరీనియాకు మాత్రం కారు వదిలేయండి. నికోసియా నడిబొడ్డున లెడ్రా వీధిలో 2008 నుంచి నడిచి దాటొచ్చు. అటు వైపు కైరీనియా గేటు దగ్గర మినీబస్సులు ఉంటాయి.

ఆ వీధిలో మీరు దాటేది ఐక్యరాజ్యసమితి కాపలా కాసే నేల. అక్కడి శాంతి దళానికి నాయకత్వం వహిస్తూనే మన జనరల్ తిమ్మయ్య 1965లో సైప్రస్‌లోనే కన్నుమూశారు. ఆయన జ్ఞాపకంగా ఆ దేశం తపాలా బిళ్ల కూడా వేసింది. అమ్మాయికి ఈ సంగతి చెప్పండి. ఫొటో మాత్రం వద్దు. సైనికులు, కాపలా పోస్టులు, కంచె ఏవీ ఫోన్‌లో పడకూడదు.

మీరు అడగలేదు గానీ ఒక్కటి చెప్పాలి. కైరీనియాలో సముద్రం పక్కన ఫ్లాట్లు చవకని ఎవరో ఒకరు కాగితం చేతిలో పెడతారు. అక్కడి భూమి చాలావరకు 1974లో ఇళ్లు వదిలి పారిపోయిన, గ్రీకు మాట్లాడే సైప్రస్ వాళ్లది. అసలు యజమాని అనుమతి లేకుండా అలాంటి ఆస్తి కొనడం, అమ్మడం దక్షిణాన క్రిమినల్ కేసు, ఏడేళ్ల వరకు జైలు పడొచ్చు. అలాంటి స్థలంలో ఇల్లు కట్టుకున్న ఒక బ్రిటన్ జంట మీద సైప్రస్ కోర్టు ఇచ్చిన తీర్పు బ్రిటన్‌లోనూ అమలవుతుందని 2009లో యూరోపియన్ న్యాయస్థానం తేల్చింది. అడ్వాన్సు పేరుతో కూడా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.