టెక్ సందేహాలు: ఆదివారం తెలుగు క్లాసుకు ఫీడ్లు

ప్రశ్న: మాది బెంగళూరు, మారతహళ్లి. మా అపార్ట్‌మెంట్‌లో ఆదివారాలు పన్నెండు మంది పిల్లలకు తెలుగు నేర్పుతున్నాను. చక్కగా మాట్లాడతారు, చదవమంటే మాత్రం వాచకం పక్కన పెట్టేస్తారు. మంచి బ్లాగుల లింకులు వాట్సాప్ గ్రూపులో పెడుతున్నా ఎవరూ తెరవడం లేదు. వేరే దారి ఉందా?

జవాబు: ఉందండి, ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్. బ్లాగులో కొత్త పోస్టు పడగానే, మనం పెట్టుకున్న ఫీడ్ రీడర్ అనే యాప్‌లోకి దాన్ని చేర్చే ఏర్పాటు. 1999లో నెట్‌స్కేప్ తెచ్చిన పద్ధతి ఇది. 2013లో ఫీడ్లు చదువుకునే గూగుల్ రీడర్ మూతపడ్డాక చాలామంది మరిచిపోయారు గానీ, బ్లాగర్, వర్డ్‌ప్రెస్ బ్లాగులు ఇప్పటికీ ఫీడ్ ఇస్తూనే ఉన్నాయి. మన కూడలి, జల్లెడ, హారం లాంటి సంకలినులు ఒకప్పుడు తెలుగు బ్లాగులన్నిటినీ ఒకచోట చూపించింది ఈ ఫీడ్ల ఆధారంగానే.

వాట్సాప్‌లో పొద్దున పెట్టిన లింకు సాయంత్రానికి వాటర్ ట్యాంకర్ మెసేజ్‌ల కింద పడిపోతుంది. ఫీడ్ రీడర్‌లో అయితే కథ చదవలేదని గుర్తు చూపిస్తూ అక్కడే ఉంటుంది. పక్కన వేరే వీడియోలు ఊరించవు. ఏం రావాలో మీరే ఎంచుతారు. చదువు చెప్పేవాళ్లకు కావాల్సింది అదే కదా.

ఫీడ్ రీడర్లలో ఫీడ్‌లీ గానీ ఇనోరీడర్ గానీ పెట్టుకుని, బ్లాగు అడ్రస్ పేస్ట్ చేస్తే చాలు, ఫీడ్‌ను అదే వెతుక్కుంటుంది. అయితే ఒక బ్లాగులో పిల్లల కథల పక్కనే రాజకీయాలూ ఉండొచ్చు. బ్లాగర్ బ్లాగులకు దీనికో చిట్కా ఉంది: ఫీడ్ అడ్రస్ (బ్లాగు అడ్రస్ తర్వాత /feeds/posts/default అని ఉండేది) చివర స్లాష్, హైఫన్, స్లాష్ కొట్టి, లేబుల్ పేరు, అంటే పోస్టు దేని గురించో చెబుతూ బ్లాగరు తగిలించిన మాట, రాయండి. ఆ లేబుల్ ఉన్న పోస్టులే వస్తాయి. వర్డ్‌ప్రెస్‌లో కేటగిరీ పేజీ అడ్రస్ చివర స్లాష్ కొట్టి, ఇంగ్లిష్‌లో ఫీడ్ అని చేర్చాలి.

రీడర్ సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు తప్పకుండా పెంచండి. బడిలో కన్నడం చదివే పిల్లలు ర, న, ట లాంటివి చూడగానే పట్టేస్తారు, తలకట్టు దగ్గరే తడబడతారు. కన్నడంలో అడ్డంగా సాగే తలకట్టు తెలుగులో టిక్కు గుర్తులా పైకి లేస్తుంది. అక్షరం చిన్నగా ఉంటే ‘ర’కూ ‘రి’కీ తేడా కనిపించదు, ఒత్తులైతే కింది వరుసలో కలిసిపోతాయి. చదవడం రాదని మనం అనుకునే పిల్లల్లో కొందరికి అసలు ఇబ్బంది ఇదే.

చదివించడంతో ఆపకండి. క్లాసుకే ఒక బ్లాగు తెరిచి, వారానికి ఒక్కొక్కరితో మూడు వాక్యాలు రాయించి మీ అకౌంట్‌తో పెట్టండి. జయనగర్‌లో నేను చూసిన ఒక క్లాసులో ఒక పాప ఇలా రాసింది: “అమ్మమ్మ ఒంగోలు నుంచి వచ్చింది. బెల్లం తెచ్చింది. తాతయ్య రాలేదు.” మర్నాటికి ఇద్దరు పిల్లలు కింద కామెంట్ పెట్టారు, “తాతయ్య ఎందుకు రాలేదు?” అని. ఆ పాప జవాబుగా ఏకంగా ఏడు వాక్యాలు రాసింది! అచ్చుతప్పులుంటే కామెంట్లలో దిద్దకండి, అందరి ముందూ చిన్నబుచ్చుకుంటారు. క్లాసులో విడిగా చెప్పండి.

ఒక జాగ్రత్త. బ్లాగును ప్రైవేట్ చేస్తే ఫీడ్ రీడర్లకు అందదు. అందుకే పబ్లిక్‌గా ఉంచి, పిల్లల పూర్తి పేర్లు, ఫొటోలు, బడి, ఫ్లాట్ నంబర్ వంటివేవీ రాకుండా చూడండి. కామెంట్లు మీరు చూశాకే కనిపించేలా మోడరేషన్ పెట్టండి. పిల్లలు కామెంట్లు అమ్మానాన్నల ఫోన్ నుంచి రాస్తేనే మంచిది.

ప్రశ్న: ఫీడ్ లింకును క్రోమ్‌లో తెరిస్తే ఏదో కోడ్ కనిపిస్తోంది. వైరస్సేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: వైరస్ కాదు. ఫీడ్ అసలు రూపమే అది, ఎక్స్‌ఎమ్‌ఎల్ అంటారు. ఫైర్‌ఫాక్స్ ఒకప్పుడు దాన్ని చదివే పేజీలా చూపించేది, 2018 డిసెంబర్‌లో ఆ సౌకర్యం తీసేసింది. ఆ లింకును కాపీ చేసి రీడర్‌లో పెట్టండి, మామూలు పోస్టులే కనిపిస్తాయి. కొన్ని సైట్లు ఫీడ్‌లో మొదటి రెండు మూడు వాక్యాలే ఇస్తాయి, మిగతాది సైట్‌లోకి వెళ్లి చదవాలి.