ఎలీట్ డేంజరస్ అనే అంతరిక్ష వీడియో గేమ్‌లో కోల్‌సాక్ చీకటి నిహారికకు వెళ్లాలంటే?

కోల్‌సాక్ లోపలికి దూరితే ఏమైనా తగులుతుందా, దారిలో ఇంధనం చాలుతుందా అని అడిగారు.

ఏమీ తగలదు. ఆ నలుపు ధూళి, వెనకున్న నక్షత్రాల కాంతిని ఆపేస్తుంది. నిజానికి అది చాలా పలచన. పదుల కాంతి సంవత్సరాల మందం ఉండబట్టే అంత నల్లగా కనిపిస్తుంది. మన నుంచి దూరం సుమారు 600 కాంతి సంవత్సరాలు. పాలపుంతను అసలు కొలతలతోనే కట్టిన ఆట కాబట్టి అక్కడా ప్రయాణం వందల కాంతి సంవత్సరాలదే.

అసలు టెన్షన్ ఇంధనానిదే. నక్షత్రం నుంచి ఇంధనం లాగే పరికరం, ఫ్యూయల్ స్కూప్ లేకుండా కదలకండి. ఓ, బి, ఎ, ఎఫ్, జి, కె, ఎం తరగతి నక్షత్రాల దగ్గరే నింపుకోగలం. బ్రౌన్ డ్వార్ఫ్ (పూర్తి నక్షత్రం కాలేకపోయిన మసక గోళం) దగ్గర ఎంత తిరిగినా చుక్క రాదు. గెలాక్సీ మ్యాప్‌లో ఈ ఏడింటికే ఫిల్టర్ పెట్టి రూట్ వేయండి. సోలోలో, అంటే ఒంటరిగా ఆడినా నెట్ ఉండాల్సిందే. మారతహళ్లి పీజీ వైఫై మీద ఆడేవాళ్లు మొబైల్ హాట్‌స్పాట్ సిద్ధంగా పెట్టుకోండి.

ఆటలోదే కాదు, ఆకాశంలోని నిజమైన కోల్‌సాక్ కూడా మనకు కనిపిస్తుంది. మే నెలలో రాత్రి తొమ్మిది, పది మధ్య బెంగళూరు వెలుగులు దాటి వెళ్లి, దక్షిణాన త్రిశంకు (సదరన్ క్రాస్) నక్షత్రాల పక్కన వెతకండి. బాగా కిందకి ఉంటుంది, కొండ అడ్డొస్తే కనిపించదు.